ఆదివాసీ మ్యూజియాలు, వారసత్వ ప్రదేశాలు: ఊరికే తిరిగొచ్చేయకుండా ఎలా చూడాలి

మనం మ్యూజియం చూసే పద్ధతి మామూలుగా ఎలా ఉంటుందంటే, మొదటి హాల్లో ప్రతి లేబులూ శ్రద్ధగా చదువుతాం, రెండో హాల్లో సగం సగం చదువుతాం, మూడో హాలుకొచ్చేసరికి కాళ్లు లాగేస్తుంటాయి కాబట్టి ఫోన్‌లో ఫోటోలు కొట్టుకుంటూ నడిచేస్తాం, చివర్లో షాపులో ఒక ఫ్రిజ్ మాగ్నెట్ కొనుక్కుని బయటపడతాం. నేనూ చాలా ఏళ్లు ఇలాగే చూశా. రాజుల కత్తులు, కిరీటాలు అయితే అలా చూసినా కొంప మునిగేదేం లేదు. కానీ ఆదివాసీల సంస్కృతి తెలుసుకుందామని వెళ్లినప్పుడు ఇలా చూస్తే ఏమీ తెలియకపోవడం అటుంచి తప్పు తెలుసుకుని వస్తాం, ఎందుకంటే ఆ అద్దాల వెనక ఉన్నవాటిలో చాలావాటిని చేసినవాళ్లు అక్కడ పెట్టలేదు, వేరేవాళ్లు పట్టుకెళ్లి పెట్టారు, దాని గురించి రాసింది కూడా ఆ వేరేవాళ్లే. చేసినవాళ్ల మునిమనవళ్లేమో ఇప్పటికీ ఉన్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పాటలు కడుతున్నారు, కోర్టుల్లో కేసులు వేస్తున్నారు.

అందుకని ఇప్పుడు ఏ హాల్లోకి అడుగుపెట్టినా ముందు ఒక్కటే చూస్తా, ఇక్కడ మాట్లాడేది ఎవరు అని. కింద రాసిందంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు ఇంట్లో కూర్చుని చేసే పని

ఒకే ట్రిప్పులో అన్ని జాతుల గురించీ తెలుసుకుందాం అనుకోకండి, అవదు. వాషింగ్టన్‌లో నేషనల్ మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ ఇండియన్ ఉంది, 2004లో తెరిచారు, ఎంట్రీ ఫ్రీ, అందులో ఉత్తర దక్షిణ అమెరికాల్లో ఉన్న వందల జాతుల వస్తువులుంటాయి. ఒక్కరోజులో అన్నీ చూడాలని తిరిగితే సాయంత్రానికి ఈకలు, పూసలు, కుండలు అని ఒక ముద్ద మాత్రం మిగుల్తుంది బుర్రలో. ఒక జాతిని ఎంచుకోండి. మీరు వెళ్లే ఊరు అసలు ఎవరి నేల మీద ఉందో వాళ్లనే ఎంచుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే మ్యూజియం బయటికొచ్చాక కూడా ఆ నది పేరూ ఆ వీధి పేరూ మీకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి.

పేర్లు చూసుకోండి. పాత పుస్తకాల్లో ఉన్న పేరు చాలాసార్లు పక్కవాళ్లు పెట్టిన పేరై ఉంటుంది. అమెరికా నైరుతి వైపు కొండ చరియల్లో ఇళ్లు కట్టినవాళ్లని చాలాకాలం అనసాజీ అన్నారు, అది పక్కనే ఉండే నవాహో జాతివాళ్ల భాషలో మాట, శత్రువుల పూర్వీకులు అన్నట్టు వస్తుంది అర్థం. వాళ్ల వారసులైన హోపీ, జూనీ లాంటి ప్యూబ్లో జాతులకి ఆ మాట నచ్చదు, అందుకే ఇప్పుడు ఆ ఇళ్లున్న మెసా వెర్డే పార్కులో ప్యూబ్లో పూర్వీకులు అనే అర్థం వచ్చేలా వాడుతున్నారు. ఎస్కిమో అన్న మాట కూడా అంతే, కెనడాలో వాళ్లు ఇన్యూట్ అని చెప్పుకుంటారు. వెళ్లి గైడ్ దగ్గర పాత మాట వాడి నాలుక్కరుచుకోవడం కంటే ముందే పది నిమిషాలు చదువుకోవడం తేలిక కదా.

ఇంకొకటి, ఆ మ్యూజియం ఎవరి చేతిలో ఉందో చూడండి. వెబ్‌సైట్‌లో మా గురించి అన్న పేజీ ఎవరూ నొక్కరు, ఈ విషయంలో మాత్రం అదే ముఖ్యమైన పేజీ. ఆ జాతివాళ్లే నడుపుతున్నారా, లేక ప్రభుత్వం నడుపుతూ వాళ్లని సలహా అడుగుతోందా, లేక అసలు వాళ్ల పేరే ఎక్కడా లేదా. ఫిన్లాండ్‌లో ఇనారి అనే చోట సీడా అని అక్కడి ఆదివాసీలైన సామీల మ్యూజియం ఉంది, అది సామీలదే. 2021లో ఆ దేశపు నేషనల్ మ్యూజియం తన దగ్గరున్న సామీ వస్తువులు, 2,000కి పైగా, వాళ్లకి తిరిగిచ్చేసింది. రాజధానిలో ఉన్నప్పుడు అది ఒక సేకరణ. సీడాకి వచ్చాక ఎవరో ఒకావిడ అది చూసి మా ముత్తవ్వ టోపీ కుట్టు ఇలాగే ఉండేది అనడానికి వీలుంటుంది.

మూసి ఉండే రోజులు తప్పకుండా చెక్ చేసుకోండి, గూగుల్ మ్యాప్స్‌ని నమ్మొద్దు. న్యూ మెక్సికోలో టావోస్ ప్యూబ్లో 1992 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరు, అక్కడ జనం ఉంటున్నారు, వాళ్ల పూజలున్నప్పుడు బయటివాళ్లని రానివ్వరు, చలికాలం చివర్లో దాదాపు 10 వారాలు మూసేస్తారు కూడా. ఇంత దూరం వచ్చాం కదా కాస్త చూడనివ్వండి అని అడిగేవాళ్లుంటారు... దయచేసి అలా అడగకండి, అది వాళ్ల ఇల్లు. మెసా వెర్డేలో కొండ చరియలో కట్టిన క్లిఫ్ ప్యాలెస్ అనే ఇళ్ల సముదాయం లోపలికి కూడా పార్కు రేంజర్‌తో టూర్ టికెట్ ఉంటేనే పోనిస్తారు, అది ముందే బుక్ చేసుకోవాలి.

లేబుల్ ఎలా చదవాలి

ఇది కొంచెం వివరంగా చెప్తా, మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు.

లేబుల్‌లో ముందు క్రియ చూడండి. సేకరించారు, లభించింది, చేరింది... ఇవి చాలా మర్యాదస్తుల మాటలు. ఎవరి దగ్గర్నుంచి సేకరించారు, ఇచ్చినవాడికి ఇవ్వను అనే వీలుందా లేదా, ఆ మాటలో ఎక్కడా కనిపించదు. పక్కనే సంవత్సరం ఉంటుంది, అది పట్టుకోండి. ఆ సంవత్సరంలో ఆ ప్రాంతంలో ఏం జరుగుతోందో ఫోన్‌లో అక్కడే వెతకండి.

ఒక ఉదాహరణ. కెనడా పడమటి తీరంలో క్వాక్వాకావాక్వ్ జాతివాళ్లకి పాట్లాచ్ అని పెద్ద వేడుక ఉంది, పెళ్లికీ చావుకీ పేరు పెట్టడానికీ చేస్తారు, పిలిచినవాడే వచ్చినవాళ్లందరికీ కానుకలు పంచుతాడు, ఎంత పంచితే అంత గౌరవం. 1885 నుంచి 1951 దాకా కెనడా ప్రభుత్వం చట్టం చేసి మరీ దీన్ని నిషేధించింది. 1921 డిసెంబర్‌లో విలేజ్ ఐలాండ్ అనే దీవిలో రహస్యంగా ఒక పెద్ద పాట్లాచ్ చేశారు, తెలిసిపోయింది, అరెస్టులు జరిగాయి. మీ ముసుగులు, రాగి ఫలకాలు అన్నీ అప్పగిస్తే శిక్ష తగ్గిస్తాం అన్నారు. కొంతమంది అప్పగించారు, అప్పగించని ఊళ్లవాళ్లు జైలుకెళ్లారు. ఆ వస్తువులు అక్కడ్నుంచి పెద్ద పెద్ద మ్యూజియాలకి చేరాయి, కొన్నింటిని న్యూయార్క్ కలెక్టర్ జార్జ్ హెయ్ కొనుక్కున్నాడు. పైన చెప్పిన వాషింగ్టన్ మ్యూజియానికి మొదటి పునాది ఈయన సేకరణే. ఇప్పుడు లేబుల్ మీద 1922 అని, పక్కన పసిఫిక్ తీరం ముసుగు అని మాత్రం ఉందనుకోండి, ఈ కథంతా తెలియనివాడికి అది ఒక అందమైన ముసుగు, అంతే.

వాటిలో చాలావాటిని తర్వాత వెనక్కిచ్చారు. 1980లో అలర్ట్ బే అనే ఊళ్లో ఉమిస్టా కల్చరల్ సెంటర్ తెరిచారు. ఉమిస్టా అంటే వాళ్ల భాషలో, శత్రువులు ఎత్తుకుపోయిన మనుషులు తిరిగి ఇంటికి చేరడం. అక్కడ పాట్లాచ్ ముసుగుల్ని అద్దాల పెట్టెల్లో పెట్టలేదు, ఎదురుగా బయటే ఉంటాయి, మనకీ వాటికీ మధ్య ఏమీ ఉండదు. అన్నేళ్లు బంధించి ఉంచినవాటిని మళ్లీ పెట్టెలో ఎలా పెడతాం చెప్పండి.

రెండోది, కాలం చూడండి. వేటాడేవారు, నేసేవారు, నమ్మేవారు... అన్నీ భూతకాలంలో ఉంటే అనుమానపడండి. అవి ఇప్పుడు చేయట్లేదా నిజంగా? జపాన్‌లో హొక్కైడో దీవిలో షిరావొయి దగ్గర 2020 జులైలో ఉపొపోయ్ అని అక్కడి ఆదివాసీలైన ఐనుల కోసం జాతీయ మ్యూజియం తెరిచారు, అందులో విభాగాల పేర్లే మన భాష, మన లోకం, మన బతుకు, మన చరిత్ర అని ఉంటాయి, బోర్డుల మీద ఐను భాష పైన ఉంటుంది, జపనీస్ దాని తర్వాతే. వాళ్లు అనే మాట పోయి మేము అనే మాట రాగానే చూసే మనం ఎక్కడ నిలబడ్డామో మారిపోతుంది, వెళ్లి చూస్తే అర్థమవుతుంది. అలాగని ఉపొపోయ్‌లో అంతా బాగుందని ఐనులందరూ అనరు, వివిధ యూనివర్సిటీల్లో ఉన్న పూర్వీకుల అవశేషాల్ని వాళ్లవాళ్ల ఊళ్లకి ఇవ్వకుండా తెచ్చి అక్కడే ఒక స్మారక భవనంలో పెట్టడం మీద గొడవ ఉంది. ఆ విమర్శ కూడా చదివే వెళ్లండి.

మూడోది, చేసినవాళ్ల పేరు. ఆయిల్ పెయింటింగ్ కింద గీసినవాడి పేరూ పుట్టిన సంవత్సరమూ ఉంటాయి, పక్క హాల్లో బుట్ట కింద జాతి పేరు మాత్రమే ఉంటుంది. బుట్ట దానంతటదే అల్లుకుందా? కొన్ని మ్యూజియాల్లో ఇప్పుడు, పేరు తెలియనప్పుడు, పేరు అప్పుడు రాసుకోలేదు అని నిజాయితీగా రాస్తున్నారు, అలాంటి లేబుల్ కనిపిస్తే ఆ హాలు మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

ఇక బొమ్మలు పెట్టి కట్టిన దృశ్యాలు, డయోరమాలు. పిల్లలకి అవే నచ్చుతాయి, వాటితోనే జాగ్రత్త. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1939లో కట్టిన ఒక డయోరమా ఉంది, పాత న్యూయార్క్‌లో డచ్ గవర్నర్ పీటర్ స్టైవెసంట్ దగ్గరికి లెనాపే జాతివాళ్లు వచ్చినట్టు. గవర్నర్ నిండా బట్టలేసుకుని హుందాగా నిలబడి ఉంటాడు, వచ్చినవాళ్లు సగం బట్టల్లో, వెనకాల ఆడవాళ్లు బరువులు మోస్తూ వంగిపోయి. 2018లో ఆ మ్యూజియంవాళ్లు డయోరమా తీసేయలేదు, దాని అద్దం మీదే పెద్ద అక్షరాలతో తప్పులు రాసి అతికించారు. అలాంటి చర్చలకి వచ్చేవాళ్లు మంచి బట్టల్లో వస్తారనీ, లెనాపే ఆడవాళ్లకి నాయకత్వంలో చోటుండేదనీ, అలా వంగి నడిచే పనివాళ్లలా చూపించడం తప్పనీ. అంటే అక్కడ ఇప్పుడు మీరు చూసేది 17వ శతాబ్దం లెనాపేలని కాదు, 1939లో ఉన్నవాళ్ల ఊహని. పిల్లల్ని తీసుకెళ్తే ఇలాంటి చోట పది నిమిషాలు ఆగండి, అద్దం మీద చదివే ముందు ఇందులో నీకేం తప్పు కనిపిస్తోంది అని అడగండి, వాళ్లు చెప్పేవి వింటే మనకే ఆశ్చర్యమేస్తుంది.

ఖాళీ పెట్టె కనిపిస్తే విసుక్కోకండి. అమెరికాలో 1990 నుంచి ఆదివాసీల సమాధుల్లోవి, పవిత్ర వస్తువులు, అవశేషాలు వెనక్కివ్వాలని చట్టం ఉంది, 2024 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చి, అలాంటివి ప్రదర్శించాలంటే ఆ జాతి అనుమతి తీసుకోవాల్సిందే అన్నారు. దాంతో కొన్ని మ్యూజియాలు పెట్టెలకి తెరలు కప్పేశాయి, పైన చెప్పిన న్యూయార్క్ మ్యూజియం రెండు హాళ్లనే మూసేసింది. డబ్బులిచ్చి వచ్చాం, ఏమీ లేదు అని రివ్యూల్లో ఒక స్టార్ ఇచ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ తెర మీద అతికించిన కాగితం చదవండి, ఆ హాల్లో అన్నిటికంటే తాజా లేబుల్ అదే.

ఆరుబయట

మ్యూజియంలో గార్డు ఉంటాడు, అద్దం ఉంటుంది, తప్పు చేద్దామన్నా వీలవదు. బయట ప్రదేశాల్లో మన బుద్ధే గార్డు.

ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద రాతి కొండ సంగతి చాలామందికి తెలిసిందే. 1985 అక్టోబర్ 26న ఆ నేలని అనంగు జాతివాళ్లకి తిరిగిచ్చారు, వాళ్లు దాన్ని 99 ఏళ్ల లీజుకి పార్కుకిచ్చారు. ఆ కొండ ఎక్కొద్దు అని వాళ్లు ఎన్నో ఏళ్లు అడిగారు, బోర్డులు పెట్టారు, జనం ఎక్కుతూనే ఉన్నారు, చివరికి 2019లో సరిగ్గా అదే అక్టోబర్ 26న ఎక్కడం పూర్తిగా ఆపేశారు. ఎక్కడం లేకపోతే ఇంకేముంది చూడ్డానికి అనుకోకండి, చుట్టూ పది కిలోమీటర్ల పైన దారి ఉంది, పొద్దున్నే నడవండి, ముందు అక్కడున్న కల్చరల్ సెంటర్‌లో ఒక గంట కూర్చుని మరీ వెళ్లండి. దారిలో కొన్నిచోట్ల ఫోటో తీయొద్దని బోర్డులుంటాయి, ఆ రాతి ఆకారాలే వాళ్లకి గ్రంథం లాంటివి, ఎవరుపడితే వాళ్లు ఎక్కడుపడితే అక్కడ చూసేవి కావు. అక్కడ చెప్పే కథలు కూడా బయటివాళ్లకి చెప్పదగినంత వరకే చెబుతారు.

అక్కడ్నుంచి రాళ్లు, మట్టి జేబులో వేసుకుని పోయినవాళ్లు తర్వాత వాటిని పోస్టులో పార్కుకి తిప్పి పంపిస్తుంటారు, సారీ అని ఉత్తరం పెట్టి మరీ. అక్కడివాళ్లు వాటికి సారీ రాక్స్ అని పేరే పెట్టారు. కాబట్టి గులకరాయి అయినా సరే తీయొద్దు, ఏ దేశంలో అయినా.

రాతి బొమ్మలున్న చోట్ల చెయ్యి పెట్టొద్దు, చర్మం మీదుండే నూనె రంగుని పాడుచేస్తుంది, నీళ్లు చల్లి ఫోటోకి మెరిపించడం ఇంకా ఘోరం. ఇంతకంటే దీని గురించి చెప్పేదేం లేదు.

కొన్నిచోట్ల మనకి అలవాటైన కాపాడడం అనే ఆలోచనే తలకిందులవుతుంది. కెనడాలో హైడా గ్వాయ్ దీవుల్లో స్‌గాంగ్ గ్వాయ్ అనే పాత ఊరు ఉంది, 1981 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం, సముద్రం ఒడ్డున చెక్కిన దేవదారు స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి, వాటిలో కొన్ని చనిపోయిన పెద్దల కోసం నిలబెట్టినవి. నాచు పట్టి, పగిలి, వంగిపోతుంటాయి. అయ్యో ఒక షెడ్డయినా వేయొచ్చు కదా అనిపిస్తుంది చూడగానే. కానీ అవి మళ్లీ మట్టిలో కలిసిపోవాల్సినవే అని హైడాలు అంటారు. అక్కడ కాపలా ఉండే హైడా వాచ్‌మెన్ మనల్ని తీసుకెళ్తారు, ఆల్చిప్పలు పేర్చి గుర్తుపెట్టిన దారి దాటి అడుగు వేయకూడదు. న్యూ మెక్సికోలో జూనీల అహాయుదా, అంటే యుద్ధ దేవతల చెక్క విగ్రహాలదీ ఇదే సంగతి, అవి ఎండకీ వానకీ శిథిలమవ్వడానికే పెట్టినవి, మ్యూజియాలు వాటిని ఏసీ గదుల్లో భద్రంగా దాస్తే మాకు అదే నష్టం అని చెప్పి 1978 నుంచి ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకుంటూ వచ్చారు.

పేరు వెనక కథ తెలుసుకోవడం కూడా బాగుంటుంది, కెనడాలోనే ఆల్బర్టాలో హెడ్ స్మాష్డ్ ఇన్ బఫెలో జంప్ అని ఒక చోటు ఉంది, దాదాపు 6,000 ఏళ్లు అడవిదున్నల మందల్ని తోలుకొచ్చి ఆ కొండ అంచు మీద నుంచి పడేసి వేటాడేవాళ్లు. ఆ పేరు దున్నల తలల వల్ల వచ్చిందనుకుంటారు అందరూ, బ్లాక్‌ఫుట్‌వాళ్లు చెప్పేదేంటంటే, ఒక కుర్రాడు దున్నలు పడేది కింద నుంచి చూద్దామని అంచు కింద నిలబడ్డాడట, తర్వాత వాడి తలే నలిగిపోయి దొరికిందట. అక్కడ బ్లాక్‌ఫుట్ గైడ్లే ఉంటారు, వాళ్ల నోటితో వినండి, నేను రాసినదానికంటే పదింతలు బాగా చెబుతారు.

ఫోన్ జేబులో పెట్టాల్సిన చోట్లు

హోపీ గ్రామాల్లో ఫోటో, వీడియో, ఆడియో ఏదీ కుదరదు, చూస్తూ బొమ్మ గీసుకోవడం కూడా నిషేధమే. టావోస్‌లో మనుషుల్ని తీయాలంటే అడగాలి, చర్చి లోపల అసలు తీయకూడదు. ఆస్ట్రేలియా మ్యూజియాల్లో గుమ్మం దగ్గరే ఒక హెచ్చరిక ఉంటుంది, లోపల చనిపోయినవాళ్ల ఫోటోలు, గొంతులు ఉండొచ్చు అని. అది అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల ప్రజల కోసం పెట్టింది, పోయినవాళ్ల పేరు, రూపం కొంతకాలం తలవకపోవడం చాలా సమూహాల్లో ఆచారం. మీరు అక్కడ తీసిన పాత ఫోటోల ఫోటోలు స్టేటస్‌లో పెట్టేముందు అది గుర్తుతెచ్చుకోండి.

నేనొకసారి ఒక మ్యూజియంలో కెమెరా మీద అడ్డగీత ఉన్న బోర్డుని ఫ్లాష్ వద్దని అర్థం చేసుకుని, ఫ్లాష్ ఆపేసి హాయిగా ఫోటోలు తీసుకుంటూ పోయా. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ వచ్చి కోప్పడకుండా, అది మా తాతగారి వేడుక వస్త్రం బాబూ, అన్నారు. అంతే అన్నారు. ఫోటోలు ఆవిడ ముందే డిలీట్ చేశా, ఆ వస్త్రం మీద అంచులో ఎర్రదారం ఎలా తిరిగిందో మాత్రం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత పావుగంట దాన్ని చూస్తూ ఆవిడ చెప్పేది వింటూ నిలబడ్డా.

గైడ్‌ని ఏం అడగాలి

ఆ జాతి మనిషే గైడ్‌గా ఉన్న టూర్ ఉంటే కొంచెం ఖర్చెక్కువైనా అదే తీసుకోండి, ఆడియో గైడ్ పక్కన పెట్టేయండి. ఇది ఎలా చేస్తారు, ఎవరు నేర్పిస్తారు, ఇప్పుడు కుర్రాళ్లు నేర్చుకుంటున్నారా, ఈ మాట మీ భాషలో ఎలా పలకాలి... ఇలాంటివి అడిగితే చాలామంది ఉత్సాహంగా చెబుతారు. మీలో ఎంత శాతం అసలు రక్తం ఉంది, మీరు మామూలు ఇళ్లల్లోనే ఉంటారా, ఆ వేషం వేసుకుని ఒక ఫోటో ఇస్తారా, ఇవి అడక్కండి. చెప్పకూడదు అని వాళ్లంటే అక్కడితో ఆపేయండి, ఎందుకు చెప్పకూడదు అని ఇంకో ప్రశ్న వద్దు.

న్యూజిలాండ్ వెళ్తే వైటాంగి ట్రీటీ గ్రౌండ్స్‌లో టూర్ తప్పకుండా తీసుకోండి. 1840 ఫిబ్రవరి 6న అక్కడ బ్రిటిష్‌వాళ్లకీ మావోరీ పెద్దలకీ ఒప్పందం జరిగింది, ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారం ఇచ్చేస్తున్నట్టు ఉంటే, చాలామంది పెద్దలు సంతకం పెట్టిన మావోరీ ప్రతిలో కావనటంగా అని, అంటే పరిపాలన చేసుకోండి అన్నంత మాత్రమే ఉంది. ఒక్క మాట దగ్గర మొదలైన గొడవ, ఇప్పటికీ నడుస్తోంది. ఆ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని గైడ్‌ని అడగండి, మీ ఇంట్లో దీని గురించి ఏం చెప్పుకునేవాళ్లు అని. పుస్తకంలో దొరకని జవాబులొస్తాయి.

ఆదివాసీ పిల్లల్ని బలవంతంగా చేర్పించిన బోర్డింగ్ స్కూళ్ల గురించిన హాళ్లు కూడా ఉంటాయి, అమెరికా కెనడాల్లో ముఖ్యంగా. అవి చివర్లో, అలసిపోయాక చూడొద్దు, చిన్నపిల్లలుంటే ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. పక్కన ఎవరైనా ఏడుస్తుంటే అది వాళ్ల అమ్మమ్మ ఫోటో అయ్యుండొచ్చు, కాస్త దూరం జరగండి.

షాపులో

కొనేది ఏదైనా రెండు ప్రశ్నలు, ఎవరు చేశారు, ఏ జాతివాళ్లు. షాపులో జవాబు లేకపోతే కొనకండి. అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్లు చేసిందని చెప్పి అమ్మడం నేరం, అందుకే నకిలీ సరుకు మీద ఫలానా స్టైల్ అనో, ఫలానావాళ్ల స్ఫూర్తితో అనో రాసి తప్పించుకుంటారు. ఆ స్టైల్ అనే మాట కనిపిస్తే మీకు సంగతి అర్థమైపోవాలి. అసలుది ఖరీదెక్కువైతే ఒక పోస్ట్‌కార్డో ఆ జాతి రచయిత రాసిన పుస్తకమో కొనండి, అవి ఎప్పుడూ ఉంటాయి.

ఇంటికొచ్చాక

ఆ రోజు చూసినవాటిలో ఒక్క వస్తువుని పట్టుకోండి, ఒక్కటే. పెద్ద మ్యూజియాలు చాలావరకు తమ సేకరణని ఆన్‌లైన్‌లో పెట్టాయి, లేబుల్ మీద ఉన్న నంబర్ కొడితే ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు అన్నవి చాలాసార్లు వస్తాయి. తర్వాత ఆ జాతివాళ్ల సొంత వెబ్‌సైట్‌లో అదే వస్తువు గురించి ఏమంటున్నారో చూడండి, రెండూ కలవని చోట ఆగి చదవండి.

ఈ పని కాస్త ఆలస్యంగా చేస్తే వస్తువే అక్కడ లేకపోవచ్చు కూడా. ఎడిన్‌బరోలో నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్‌లో 11 మీటర్ల ఎత్తు చెక్క స్తంభం ఒకటి ఉండేది, నిస్గా జాతివాళ్లది, యుద్ధంలో పోయిన ఒక వీరుడి జ్ఞాపకంగా చెక్కించింది. 1929లో ఊళ్లోవాళ్లు లేని సమయం చూసి ఒక పరిశోధకుడు దాన్ని తీయించి మ్యూజియానికి అమ్మేశాడు. 2022లో నిస్గా పెద్దలు ఎడిన్‌బరో వచ్చి అడిగారు, 2023 సెప్టెంబర్‌లో స్తంభం విమానమెక్కి వెళ్లిపోయింది. దాన్ని చూడాలంటే ఇప్పుడు బ్రిటిష్ కొలంబియాలో నాస్ నది లోయకి, లాక్స్‌గాల్ట్‌సాప్ అనే చిన్న ఊళ్లో ఉన్న నిస్గా మ్యూజియంకి వెళ్లాలి. దారి బాగా లోపలికి ఉంటుంది, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని బయల్దేరండి.